పొరటు, పొడిమాస్, రంపపు పొట్టు

మొన్న ఆదివారం నేను చేసిన కోడిగుడ్డు పొరటు ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, మా ఎనిమిదేళ్ల అమ్మాయి పళ్లెం పక్కకు జరిపింది. "నాన్నా, ఇది మరత్తూళ్ మాదిరి ఉంది."

నాకు కోపం వచ్చింది. వంటకు వంక పెట్టినందుకు కాదు, తమిళ మాట వాడినందుకు. "రంపపు పొట్టు అనాలి" అన్నాను. పిల్ల ఒక్క క్షణం ఆలోచించి, "సరే, ఇది రంపపు పొట్టు" అంది. మా ఆవిడ నవ్వు ఆపుకోలేక వంటగదిలోకి వెళ్లిపోయింది.

నెల్లూరు నుంచి చెన్నైకి రైల్లో మూడు గంటలు. ఆ మాత్రం దూరానికి ప్రవాసం అనే పెద్ద మాట వాడటానికి నాకే సిగ్గు. కానీ 2006లో వచ్చిన చట్టంతో ఇక్కడి బడుల్లో ఒకటో తరగతి నుంచే తమిళం తప్పనిసరి. పిల్లకు బడిలో తమిళం, మెట్ల మీద ఆటల్లో తమిళం. గడప లోపల తెలుగే మాట్లాడాలని నియమం పెట్టింది నేను. దాన్ని ముందుగా తప్పేదీ నేనే. కొట్లో గుడ్లకు "ఆరు ముట్టై" అని అడిగేది నేను, ఆటో అతనితో పోట్లాడేది ధారాళమైన తమిళంలో. పానగల్ పార్కు దాటిన ప్రతిసారీ మాత్రం, 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రభుత్వాన్ని నడిపిన పానగల్ రాజా మన తెలుగువాడేనని పాఠం మొదలుపెడతాను. పిల్ల ఐస్‌క్రీమ్ బండి వైపు చూస్తూ ఉంటుంది.

ఇంట్లో తమిళుల్లా పొడిమాస్ అనకూడదు, పొరటు అనాలి. ఇదీ నా పట్టుదల. మా ఆవిడది హైదరాబాదు, ఆమెకు అది బుర్జీ. అది తెలుగు మాట కాదని ఒకసారి అన్నాను. "మా ఇంట్లో మూడు తరాలుగా అంటున్నాం. ఇంకెన్ని తరాలకు తెలుగవుతుంది?" అంది. ఇప్పటిదాకా నా దగ్గర జవాబు లేదు.

పిల్లకు కావలసింది తన స్నేహితురాలి ఇంట్లో తిన్న మెత్తటి గుడ్డు. పంతం కొద్దీ నేర్చుకున్నాను. మనవాళ్లు నీచు వాసన పోవాలని ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపుతో పెద్ద మంట మీద గుడ్డును ఎర్రగా వేయిస్తారు. గుడ్డు తెల్లసొన 62 డిగ్రీల దగ్గరే గట్టిపడటం మొదలవుతుంది, పచ్చసొన మరికాస్త వేడికి. ఆ పైన వేడి తగిలేకొద్దీ మాంసకృత్తులు బిగుసుకుని లోపలి నీటిని పిండేస్తాయి. మిగిలేది పిల్ల చెప్పిన పొట్టే.

మూడు గుడ్లకు ఉప్పు ముందే వేసి గిలకొట్టి, ఓ పావుగంట పక్కన పెడితే మరింత మెత్తగా వస్తుంది. పాలు పోసి చూశాను, నీళ్లు ఊరాయి. బాణలిలో చెంచాడు వెన్న, సన్నటి మంట, అట్లకాడతో అడుగు నుంచి మెల్లగా తోయడం. ముప్పాతిక వంతు గట్టిపడగానే దించేయాలి, మిగతాది బాణలి వేడికే ఉడుకుతుంది. పిల్లలకు పెట్టేటప్పుడు పచ్చి జారుడు మిగలకుండా చూస్తాను. మా అమ్మ చూస్తే దాన్నీ పచ్చిదనే అంటుంది.

నిజం ఒప్పుకుంటున్నాను, నాకూ అదే నచ్చింది. పిల్ల బడికి వెళ్లాక మిగిలింది నిలబడే తిన్నాను, కారప్పొడి చల్లుకుని. ఇన్నాళ్లూ నేను కాపాడింది మా అమ్మ చేతి రుచినా, లేక ఆమె మంట తగ్గించేంత తీరిక లేక చేసిన అలవాటునా? ఆమె ఆ రోజుల్లో కిరోసిన్ స్టవ్ మీద ఏడుగురికి వండేది.

నిన్న ఉదయం మళ్లీ చేస్తున్నాను. పిల్ల నా పక్కనే స్టూలు ఎక్కి నిలబడింది. "నాన్నా, గట్టిగా ఉంటే పొరటు. మరి మెత్తగా ఉంటే తెలుగులో ఏమంటారు?"

ఆలోచించాను. కలిపిన గుడ్డు అందామా? అదేదో పెరుగన్నంలా ఉంది. వెన్న గుడ్డు? నెల్లూరులో ఎవరైనా దీన్ని వండితే కదా, పేరు పెట్టడానికి.

"నాన్నా," అంది పిల్ల బాణలిలోకి తొంగిచూసి, "రంపపు పొట్టు అయిపోతోంది."