డ్రిల్ సారు జట్టులో పదకొండోవాడు

మూడు నెలలుగా గోలీసోడా నా వెంటపడుతున్నాడు. "మరపురాని గురువు గురించి రెండు పేజీలు రాయరా, ఫొటో కూడా పంపు" అని రోజూ ఫోన్. వాడు ఇప్పుడు మన స్కూలు పాత విద్యార్థుల సావనీర్ కన్వీనరట. ఎనిమిదో తరగతి మొత్తం నా తెలుగు నోట్సు చూసి రాసినవాడు ఇప్పుడు నాకు గడువు పెడుతున్నాడు. ఆ గడువు కూడా పోయిన నెలే దాటిపోయింది. లెక్కల సారు గురించి ట్యాంకర్ రాస్తున్నాడు కాబట్టి నేను హెడ్మాస్టర్ గారి గురించి రాయాలని కమిటీ కోరిక. క్షమించాలి. హెడ్మాస్టర్ గారిని తలుచుకుంటే నాకు గుర్తొచ్చేది ఆయన గొడుగు ఒక్కటే. నేను డ్రిల్ సారు గురించే రాస్తాను.

వాన పడితే గ్రౌండు చెరువయ్యేది, డ్రిల్ పీరియడ్ క్లాసులోకి వచ్చేది. సారు విజిల్ జేబులో వేసుకుని, సుద్దముక్క తీసుకుని, బోర్డు మీద ముందు నిలువుగా ఒక గీత గీసేవారు. ఆ పక్కన పేర్లు. ఆ రోజుల్లో ఫుట్‌బాల్ జట్టుని ఎలా నిలబెట్టేవారో అలాగే కింద ఇద్దరు బ్యాకులు, మధ్యలో ముగ్గురు హాఫులు, పైన అయిదుగురు ఫార్వర్డులు. హైదరాబాద్ సిటీ పోలీస్ సర్వకాల జట్టు. అజీజ్ ఒక్కడు చాలు, రెండో బ్యాకు ఎవరైనా ఒకటే అనేవారు. హాఫుల్లో నూర్ మహమ్మద్. ముందు వరసలో మొయిన్, జుల్ఫికర్. యూసుఫ్ ఖాన్‌ని మాత్రం ఎక్కడ పెట్టాలో తేల్చుకోలేక ఒక్కోసారి హాఫుల్లో, ఒక్కోసారి ముందు రాసేవారు. మిగతా పేర్లు మీకూ కంఠతా వచ్చినవే. ఎక్కాలు రానివాడికి కూడా ఆ జట్టు వచ్చు.

పేర్లు పది అయ్యేవి. ఎడమవైపు చివర ఒక చోటు ఖాళీ. అక్కడ సుద్దతో చిన్న సున్నా చుట్టి, చేతులు దులుపుకుని, "అంతేరా" అనేవారు.

"సార్, అక్కడ బలరాం!" అని అమ్ముగూడ బ్యాచ్ మొత్తం లేచేది. కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకి ఆడిన తులసీదాస్ బలరాం మన సికింద్రాబాద్ అమ్ముగూడవాడు. రేడియోగాడి నాన్నగారు ఆయనతో గోలీలాడానని చెప్పుకునేవారు, అందులో నిజమెంతో రేడియోకే తెలియాలి. సారు బోర్డు వైపు తిరిగి చూడకుండానే, "కలకత్తా వెళ్లినవాడు కలకత్తా జట్టులో ఉంటాడు. ఇది పోలీస్ జట్టు" అనేవారు. అక్కడితో పీరియడ్ అయిపోయేది. మూడేళ్లలో ఆ సున్నాలో ఆయన ఎవరి పేరూ రాయలేదు. ఇంకొకడి పేరు రాస్తే మేం ఊరుకునేవాళ్లం కాదు, అది వేరే సంగతి. కానీ ఆయనా రాయలేదు.

సారుకి సిటీ పోలీస్ అంటే ఎందుకంత పిచ్చో మీకు తెలుసు. ఫతే మైదాన్‌లో వాళ్ల ప్రాక్టీసు చూడ్డానికి కుర్రతనంలో చెట్టెక్కేవారట. తను కూడా పోలీసులో చేరదామని వెళితే ఛాతీ అంగుళం తక్కువైందట. (ఆ అంగుళం ఏడాదికోసారి పెరిగి, మేం పదికొచ్చేసరికి అంగుళంన్నర అయింది.) 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదు రోవర్స్ కప్పులు. బొంబాయి వెళ్లడం, కప్పు తేవడం, మళ్లీ ఏడాది వెళ్లడం, మళ్లీ తేవడం. 1950లోనే డ్యూరాండ్ కప్పు ఫైనల్లో కలకత్తా క్లబ్బు మోహన్ బగాన్‌ని కొట్టడం. ఇవన్నీ సారు చెబుతుంటే తన ఇంట్లో పెళ్లిళ్ల గురించి చెబుతున్నట్టుండేది.

అన్నిటికన్నా మించి రహీం సాబ్. సయ్యద్ అబ్దుల్ రహీం. సిటీ పోలీస్‌కీ, ఇండియాకీ కోచ్. 1951లో ఢిల్లీ, 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్, రెండిట్లోనూ బంగారం. మధ్యలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. కానీ సారు ఈ పతకాల గురించి ఎక్కువ చెప్పేవారు కాదు. ఆయన మళ్లీ మళ్లీ చెప్పింది ఒకటే: రహీం సాబ్ బడిపంతులు. కాచిగూడలో, చాదర్‌ఘాట్‌లో పిల్లలకి పాఠం చెప్పిన మనిషి. లెక్కల సారు డ్రిల్ పీరియడ్ అడగడానికి వచ్చి గుమ్మంలో నిలబడ్డప్పుడల్లా సారు ఈ సంగతి మాకు గట్టిగా గుర్తుచేసేవారు. లెక్కల సారు వెళ్లిపోయేవారు. ట్యాంకర్, నీ వ్యాసంలో ఇది రాయవని తెలుసు, అందుకే నేను రాస్తున్నా.

ఇక ఎడమ కాలి మ్యాచ్. గ్రూపులో ఏడాదికి రెండుసార్లు లేచే గొడవ కాబట్టి నా వైపు కథ కూడా రికార్డులో ఉండాలి.

తొమ్మిదో తరగతి, 1976 ఆగస్టు. అంతకు ముందు నెలే కలకత్తాలో మోహన్ బగాన్ తరఫున అక్బర్, ఈస్ట్ బెంగాల్ మీద 17 సెకన్లలో గోల్ కొట్టాడు. కలకత్తా వెళ్లి ఆడిన మన హైదరాబాద్ హబీబ్ తమ్ముడే అక్బర్. సారు ఆ వార్త ప్రేయర్‌లో చదివించారు. ఆ తర్వాతి వారం మిలిటరీ వాళ్లు పారేసిన బూట్లు ఒక గోనెసంచి నిండా ఎక్కణ్నుంచో తెచ్చారు. సంచి బోర్లిస్తే పదిహేడు బూట్లు. ఎడమవి పదకొండు, కుడివి ఆరు. సారు కాసేపు వాటిని చూసి, "రేపు ఎడమ కాలి మ్యాచ్" అన్నారు.

రహీం సాబ్ అలాంటి టోర్నమెంట్లు పెట్టేవారు. బలహీనమైన కాలితోనే ఆడాలి, కుడి కాలు తగిలితే ఫౌల్. ఇంకోసారి డ్రిబ్లింగ్ అసలు ఉండకూడదు, బంతి రాగానే ఇచ్చెయ్యాలి. ఇది నిజం, నేను తర్వాత చదివి కూడా నిర్ధారించుకున్నాను. కానీ సంచిలో కుడి బూట్లు పదకొండు వచ్చి ఉంటే మన స్కూల్లో కుడి కాలి మ్యాచ్ జరిగి ఉండేదని గోలీసోడా వాదన. దానికి నా దగ్గర జవాబు లేదు.

బ్లూ హౌస్‌కి ఆరు బూట్లు, రెడ్ హౌస్‌కి అయిదు. మిగతావాళ్లు ఉత్త కాళ్లు. నాకొచ్చింది నా పాదం కన్నా రెండు సైజులు పెద్దది, ముందు భాగంలో న్యూస్‌పేపర్ కుక్కాను. కుడి పాదాలకి ఎర్ర రిబ్బను కట్టారు, రెఫరీకి తేలిగ్గా కనబడాలని. రిబ్బన్లు ఆడపిల్లల సెక్షన్ నుంచి తెచ్చినవి, వాటిని తిరిగి ఇచ్చే పని చిన్నాకి పడింది, ఆ కథ వాడి భార్య చదువుతుంది కాబట్టి ఆపేస్తున్నా. మేం తాళ్లు కట్టుకుంటూ కూర్చుంటే సారు వాచీ చూసుకుని, "అక్బర్ పదిహేడు సెకన్లలో గోలు కొట్టాడు, మీరు పదిహేడు నిమిషాలుగా బూట్లు కడుతున్నారు" అన్నారు.

అది ఆట కాదు, కుంటుడు పోటీ. బంతి కుడివైపు వస్తే మనిషి దాని చుట్టూ ప్రదక్షిణం చేసి ఎడమ కాలు తెచ్చేలోపు ఇంకొకడు వచ్చి గుద్దుకునేవాడు. విజిల్ ఆగలేదు. ట్యాంకర్ గోల్‌లో నిలబడి, నేను చేతులతో పడతాను కాబట్టి ఎడమ చేత్తోనే పట్టాలా అని అడిగి ఒక దెబ్బ తిన్నాడు. చివరికి, బడి గంట కొట్టబోయే ముందు, పెద్దా కొట్టిన బంతి బురదలో జారి నా దగ్గరికొచ్చింది. నేను కదిలాను, పడ్డాను, లేచి చూసేసరికి బంతి ట్యాంకర్ వెనకాల ఉంది. రెడ్ హౌస్ ఒకటి, బ్లూ హౌస్ సున్నా.

బ్లూ హౌస్ అంతా సారు మీద పడింది. సారు నా దగ్గరికొచ్చి, వంగి, కాళ్లు చూశారు. బురదలో రిబ్బను రంగు కూడా తెలియడం లేదు. "ఏ కాలురా?" అన్నారు. "ఎడమ కాలు సార్" అన్నాను. ఇంకోసారి చూశారు. "గోల్" అని విజిల్ ఊదారు.

మర్నాడు నుంచి ఒక శిక్ష మొదలైంది. శిక్ష అని ఆయన అనలేదు. సాయంత్రం బడి వదిలాక డ్రిల్ రూము వెనక గోడకి, ఎడమ కాలితో, రోజుకి వంద తాపులు. ఎందుకని ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఆయన స్టూలు మీద కూర్చుని చాయ్ తాగుతూ లెక్కపెట్టేవారు. అడ్డంగా తగిలితే లెక్కలోకి రాదు. నెలరోజులనుకున్నాను, దసరా సెలవుల దాకా సాగింది. సెలవుల తర్వాత ఆయన రావడం మానేశారు, నేను మానలేదు.

పదో తరగతి నుంచి నాకు గుర్తున్నది ఒక్క సోమవారం. 1977 సెప్టెంబర్. ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఉన్న న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో మోహన్ బగాన్ 2-2 డ్రా చేసింది, అందులో ఒక గోల్ హబీబ్‌ది. సారు పేపరు ముక్క మడిచి చొక్కా జేబులో పెట్టుకుని తిరిగారు, ప్రతి క్లాసులోనూ తీసి చూపించారు. "కలకత్తా వెళ్లినవాడు కద సార్" అని రేడియో అన్నాడు. సారు వాణ్ణి బెంచీ ఎక్కించారు. తర్వాత పరీక్షలు, ఫలితాలు, ఇంటర్, డిగ్రీ. అవన్నీ ఎవరికైనా ఒకటే.

ఉద్యోగం గురించి రాయమన్నారు కాబట్టి: బ్యాంకులో స్పోర్ట్స్ కోటాలో చేరాను, ముందు వరసలో ఎడమ చివర ఆడే లెఫ్ట్ అవుట్‌గా. సెలక్షన్ రోజు కోచ్ నా కుడి కాలు ఎందుకూ పనికిరాదని రాసి, కింద ఎడమ కాలు గురించి ఒక్క ముక్క రాశాడు. ఆ ముక్కతోనే క్లర్కుగా చేరి ఏజీఎంగా రిటైరయ్యాను. ఇల్లు సైనిక్‌పురిలో, మన స్కూలు గంట వినబడేంత దూరంలో.

1993లో కలకత్తా బదిలీ. బ్రాంచి శ్రీరాంపూర్‌లో, మకాం హౌరాలో. ఇల్లు వెతుక్కుంటూ వెళ్తే ఓనరు దాదా ఆరు నెలల అడ్వాన్సు అన్నాడు. ఏ ఊరు అన్నాడు. హైదరాబాద్ అన్నాను. ఆయన వేళ్లు మడవడం మొదలుపెట్టాడు: బలరాం, నయీం, హబీబ్, అక్బర్, షబ్బీర్ అలీ, అమల్‌రాజ్. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబం, ఈస్ట్ బెంగాల్ అంటే ప్రాణం. 1990లో నయీముద్దీన్ కోచ్‌గా ఒకే ఏడాది మూడు కప్పులు తెచ్చిన సంగతి తలుపు దగ్గరే చెప్పేశాడు. వాళ్ల సర్వకాల జట్టులో సగం మన ఊరివాళ్లే. నేను ఊరికే ఉండక, "నేను చదివింది బలరాం ఊళ్లో" అన్నాను. దాదా నన్ను లోపలికి పిలిచి, కుర్చీ వేసి, అడ్వాన్సు మూడు నెలలు చేశాడు.

నాలుగేళ్లున్నాను ఆ ఇంట్లో. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే పైనుంచి ఇలిష్ చేప కూర వచ్చేది, అదే మన పులస. మోహన్ బగాన్ గెలిస్తే బజార్లో రొయ్యలకి గిరాకీ, మా ఓనరింట్లో పొయ్యి వెలిగేది కాదు. బలరాం 1961లో కెప్టెన్‌గా ఉన్నప్పటి ఆట, రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద కొట్టిన గోల్స్, దాదా అన్నీ చెప్పేవాడు. ఇరవై ఏడు నిండకుండానే ఆరోగ్యం పాడై ఆట మానెయ్యాల్సి వచ్చిందని చెప్పేటప్పుడు గొంతు తగ్గించేవాడు, పక్కగదిలో ఎవరో జబ్బుగా ఉన్నట్టు. ఇప్పుడాయన ఎక్కడున్నాడని నేను అడగలేదు. దాదా చెప్పలేదు. అసలు ఆయన ఎక్కడో ఒక ఇంట్లో అన్నం తింటూ ఉంటాడని నాకు తట్టలేదు.

సెలవుకి వచ్చినప్పుడు సారుని చూడ్డానికి సికింద్రాబాద్ లాల్‌బజార్ వెళ్లాను. అప్పటికే కళ్లు మసక. ఈ అడ్వాన్సు కథ చెప్పాను. ఆయన చివరిదాకా విని, "మూడు నెలలేనా తగ్గించింది?" అన్నారు. "బలరాం ఊరు అని చెప్పావు కదా? నేనైతే మొత్తం మాఫీ చేద్దును." అని, కొంచెం ఆగి, "ఆ బెంగాలీ పిసినారి" అన్నారు. కలకత్తా వెళ్లినవాడి గురించే కద సార్ అని అందామనుకుని, రేడియో బెంచీ గుర్తొచ్చి ఊరుకున్నాను. అదే ఆఖరుసారి చూడ్డం.

2023 ఫిబ్రవరి 16న బలరాం పోయారు. పేపర్లో చదివాను. కలకత్తా పక్కన ఉత్తరపారాలో ఉండేవారట, చాలా ఏళ్లుగా. హౌరాలో లోకల్ ఎక్కితే లిలువా, బేలూర్, బాలీ, ఆ తర్వాత ఉత్తరపారా. శ్రీరాంపూర్ ఇంకా ముందుంది. రోజుకి రెండుసార్లు, నాలుగేళ్లు, ఆ స్టేషన్ మీదుగా కిటికీ పక్కన కూర్చుని వెళ్లాను. ఆయన ఏ సంవత్సరం నుంచి అక్కడ ఉన్నారో పేపర్లో ఉందేమో, నేను ఆ లైను దాటేశాను. ఆ ఆగస్టు 15న హబీబ్ కూడా పోయాడు.

మా మనవడు అపార్ట్‌మెంట్ టర్ఫ్ మీద ఆడతాడు, గంటకింతని కట్టి. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్ కప్పు గెలిచినప్పటి నుంచి వాడికి ఆ జట్టుకి గోల్స్ కొట్టిన ఒగ్బెచే దేవుడు. "తాతా, నీ ఆల్‌టైమ్ ఫేవరెట్ ఎవరు?" అంటే కాయితం మీద పది పేర్లు రాసి ఇచ్చాను. "పదకొండోవాడు?" అన్నాడు. సున్నా చుట్టాను.

కమిటీ అడిగిన ఫొటో జతచేశాను. రెండు పేజీలు దాటిందని గోలీసోడా కత్తిరిస్తే కత్తిరించొచ్చు, హెడ్మాస్టర్ గారి గొడుగుతో సహా. ఈ కింది నాలుగు ముక్కలు మాత్రం ఉంచమని మనవి.

బ్లూ హౌస్ వారికి: ఎడమ కాలు కాదు. కుడి మోకాలు. సారుకి ఆ రోజే తెలుసు. స్కోరు మార్చుకోండి.