పల్లంలో కుప్ప

గురువారం. ఒక్కరోజు సెలవు పెట్టి హన్మకొండ నుంచి ఊరికొచ్చాను, కంటినిండా నిద్రపోదామని. బాపు ఊకుంటాడా? అన్నం తినగానే కల్లం కాడికి పట్టుకుపోయాడు.

కల్లంలో నాలుగిళ్ల మిర్చి ఆరుతోంది. మాది తేజ రకం, మిట్ట మీద. చిన్నమ్మ వాళ్లది చపాటా, పల్లంలో. చిన్నాయన తెల్లారుజామునే మొదటి కోత బస్తాలు వేసుకుని వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు వెళ్లాడు.

మూడింటికి మబ్బు కమ్మింది, గాలి లేచింది. నేను మా టార్పాలిన్ పరదా తీసేలోపే బాపు దాన్ని పల్లంలోకి ఈడ్చుకెళ్తున్నాడు. ‘మరి మనది?’ అని అరిచాను.

‘మనది మిట్ట మీదుంది. నీళ్లు ముందు అటే పోతయి. అండ్ల అది చపాటా.’

నిజమే. చపాటాకు కారం తక్కువ, రంగు ఎక్కువ. ఫలానా ప్రాంతపు పంట అని గుర్తించే జీఐ ట్యాగ్ 2025లో వచ్చిందీ దానికే. తడిసి తెల్లబడితే తాలు కింద, అంటే నాసిరకం కాయ కింద పోతుంది, ధర సగం కూడా పలకదు.

ఎవరూ ఎవరికీ చెప్పలేదు, మిగతా వాళ్లూ తమ కుప్పలు వదిలి అటే ఉరికారు. కొందరు గంపలతో కాయలు దగ్గరికి ఎత్తిపోశారు, నలుగురం పరదా నాలుగు మూలలు పట్టుకున్నాం. గాలికి అది ఉబ్బి పైకి లేచింది. నా మూల చేజారింది, అవతలి ముగ్గురూ తూలిపోయారు. ఒక్కరూ తిట్టలేదు. తిట్టి ఉంటేనే నయం అనిపించింది.

మా వంతు చివర్లో వచ్చింది. వాన పది నిమిషాలే, కానీ ఓ రెండు గంపల కాయలు తడిశాయి. అబద్ధమెందుకు, బాపు మీద కోపమొచ్చింది.

వాన వెలిశాక చిన్నమ్మ తన కుప్ప వైపు కూడా చూడకుండా వచ్చి మా దగ్గర కూర్చుంది. వెనకే ఇంకో ఇద్దరు. తడి కాయలు ఏరి విడిగా ఆరబోశాం. మరిచిపోయి అదే చేత్తో కన్ను నలుపుకున్నాను. ‘పట్నంల ఉద్యోగం చేసి చేసి మిర్చి ఘాటు మరిచినవా బిడ్డా!’ అని చిన్నమ్మ ఒకటే నవ్వు. కన్ను ఇప్పటికీ మండుతోంది.

మా పరదాకు ఓ మూల బీడీతో కాలిన చిల్లు ఉంటుంది. చీకటి పడ్డాక టార్చి వేసి చూస్తే అది చిన్నమ్మ కుప్ప మీదే ఉంది. మా కుప్ప మీద కప్పింది ఎవరిదో బాపు అడగలేదు.