తినేవాడు, తిననివాడు, ఒకే బల్ల

కమ్మలు పెట్టుకోవచ్చా? ఇంటి మీద క్రిస్మస్ నక్షత్రం కట్టవచ్చా? పక్కింటివాళ్లు పండగ రోజు ఇచ్చిన ప్రసాదం తీసుకోవచ్చా? మన తెలుగు సంఘాల్లో మాటలు మానుకునేదాకా వెళ్లే గొడవలు ఎక్కువగా ఇలాంటివే. యేసే ప్రభువు అన్న విషయంలో ఇద్దరికీ తేడా లేదు. అయినా ఒకరి ముఖం ఒకరు చూడరు.

రోమా సంఘంలోనూ ఇదే జరిగింది. క్లౌదియ చక్రవర్తి యూదులను రోమా విడిచి వెళ్లమన్నాడు. అకుల, ప్రిస్కిల్ల అలా కొరింథుకు చేరినవాళ్లే (అపొ. కార్య. 18:2). పౌలు రోమీయులకు పత్రిక రాసేనాటికి వాళ్లు మళ్లీ రోమాలో ఉన్నారు, వాళ్లింట్లో ఒక సంఘం కూడుకుంటోంది. తిరిగొచ్చిన యూదు విశ్వాసులకు, తమ ఆహార నియమాలకు సరిపడని మాంసం అక్కడి బల్ల మీద చూస్తే మనసొప్పి ఉండదు. కొందరు కూరగాయలతో సరిపెట్టుకున్నారు, కొందరు అన్నీ తిన్నారు.

ఈ విషయంలో తన అభిప్రాయం ఏమిటో పౌలు దాచుకోలేదు. సహజంగా ఏదీ నిషిద్ధం కాదని ఆ పత్రిక 14వ అధ్యాయంలోనే రాశాడు. అంటే వాదన ప్రకారం తినేవాళ్లదే గెలుపు. కానీ ఆ గెలుపును వాళ్ల చేతికివ్వలేదు. "తినువాడు తిననివాని తృణీకరింపకూడదు, తిననివాడు తినువానికి తీర్పు తీర్చకూడదు" అన్నాడు. ఎవరి జబ్బు ఏమిటో ఎంత బాగా పట్టుకున్నాడో చూడండి. స్వేచ్ఛ ఉన్నవాడు అవతలివాణ్ణి "పాతకాలం మనిషి" అని చిన్నచూపు చూస్తాడు. నియమం ఉన్నవాడు "వీడసలు రక్షణ పొందాడా" అని అనుమానిస్తాడు. ఇద్దరికీ చెప్పిన కారణం మాత్రం ఒక్కటే: దేవుడు అతన్ని చేర్చుకున్నాడు.

మన కూడికల్లో పెద్దవాళ్లను గమనించండి. బాప్తిస్మం రోజున కమ్మలు తీసేసి, మళ్లీ పెట్టుకోని అమ్మమ్మలు ఉన్నారు. చెవి తమ్మెకు సాగిన రంధ్రం అలాగే ఉంటుంది. ఆమెకు అది ప్రభువుకిచ్చిన మాట. ఆమె పక్కనే చాప మీద కూర్చున్న కోడలు పెళ్లినాటి బుట్టకమ్మలు పెట్టుకుని, కళ్లు మూసుకుని, అదే ప్రభువుకు కృతజ్ఞతలు చెబుతుంది. అత్తగారు "లోకం పట్టింది" అనడం, కోడలు "చాదస్తం" అనడం నా దృష్టిలో నగ కన్నా చాలా పెద్ద సమస్య.

బరువు ఎక్కువ మోయాల్సింది మాత్రం స్వేచ్ఛ ఉన్నవాళ్లే. మొన్ననే విశ్వాసంలోకి వచ్చినవారికి ప్రసాదం మామూలు మిఠాయి కాదు, నిన్నటిదాకా వాళ్లు చేసిన ఆరాధన. అలాంటివారి ముందు "ఏం కాదు, తినండి" అని బలవంతపెట్టడం ప్రేమ కాదు. అలాగని అన్నీ ఈ లెక్కలోకి రావు. అన్యజనులతో కలిసి తినడం పేతురు మానేసినప్పుడు పౌలు ముఖాముఖిగా ఎదిరించాడు, ఎందుకంటే అక్కడ సువార్తే దెబ్బతింటోంది.

ఇది మన నేల మీద ఒకసారి పెద్ద ఎత్తున పరీక్షకు వచ్చింది. 1919లో తమిళనాడు తీరంలోని తరంగంబాడిలో దోర్నకల్ బిషప్ అజరయ్య, మరికొందరు సేవకులు సంఘాల ఐక్యత కోసం చర్చలు మొదలుపెట్టారు. ఆంగ్లికన్లకు, అంటే ఇంగ్లండ్ సంఘ సంప్రదాయం వాళ్లకు, సేవకులకు బిషప్ చేతి అభిషేకం ముఖ్యం. మిగతావాళ్లలో అసలు బిషప్పులే లేని సంఘాలున్నాయి. 28 ఏళ్లు పట్టింది. అజరయ్య 1945లో కన్నుమూశారు, 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో ఆ సంఘాలు కలిసి సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) ఏర్పడడం ఆయన చూడలేదు. ఆ ఒప్పందంలో నాకు బాగా నచ్చే మాట ఒకటుంది: మనస్సాక్షి ఒప్పుకోని ఆరాధన పద్ధతినిగానీ, సేవకుణ్ణిగానీ ఏ స్థానిక సంఘం మీదా రుద్దబోమని వాళ్లు ప్రతిజ్ఞ చేశారు.

అంత మాటిచ్చినా నంద్యాల ప్రాంతంలో ఎంతోమంది ఆంగ్లికన్లు అప్పుడు చేరలేదు. వాళ్లదీ మనస్సాక్షే. నంద్యాల డయోసిస్ (ఒక బిషప్ కింద ఉండే సంఘాల ప్రాంతం) 1975లో వచ్చి కలిసింది.

ముసుగు గురించో, నగల గురించో తీర్మానం రాసే సంఘ కమిటీలు ఆ ప్రతిజ్ఞలాంటి వాక్యం ఒకటి ముందుగా రాసుకుని, తర్వాత మిగతాది రాయాలని నా మనవి.