నుసుములు దూరని రగ్గు కోసం నేను పడ్డ పాట్లు

ఎట్టకేలకు గుర్రం ఒంటికి కప్పే రగ్గు కుదిరింది. మా గుర్రం ఇప్పుడు పొద్దుగూకే వేళ కూడా తల వంచి నింపాదిగా మేస్తోంది, కంచె గుంజకు ఒళ్ళు రుద్దుకోవడం బాగా తగ్గించింది. కోపం చల్లారకముందే ఇదంతా రాసేస్తే ఇంకొకరికైనా పనికొస్తుందని కూర్చున్నా. మధ్యలో కాస్త తిట్లు దొర్లితే సర్దుకోండి.

జబ్బు ఏమిటో తేలడం చాలా తేలిగ్గా అయిపోయింది. జూలు కుదుళ్ళ దగ్గర వెంట్రుకలు విరిగిపోయి, తోక మొదట్లో పుండ్లు పడి, పొట్ట కింద నడిమధ్య పొడుగునా చర్మం చెక్కు కట్టింది. డాక్టరు గారు చూడగానే స్వీట్ ఇచ్ అన్నారు. నుసుములు కుట్టినప్పుడు వాటి లాలాజలం పడక వచ్చే అలర్జీ ఇది. పూర్తిగా నయం చేసే మందు లేదు, కుట్టకుండా చూసుకోవడమే దారి, మంచి రగ్గు కొనండి అని చెప్పి వెళ్ళిపోయారు. అంత సులువుగా చెప్పేశారు ఆయన!

మొదట తెలుసుకోవాల్సింది, షాపుల్లో ఫ్లై రగ్ అని అమ్మేవన్నీ ఒకటి కావు. మామూలు ఫ్లై రగ్గు ఈగల కోసం, జోరీగల కోసం చేసింది. నుసుములు ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లే ఉంటాయి, మామూలు జాలీ రంధ్రాల్లోంచి హాయిగా లోపలికి దూరతాయి. కాబట్టి నేత బాగా సన్నగా, దగ్గరగా ఉండాలి. గుడ్డను వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూడండి, రంధ్రాలు ఒక్కొక్కటిగా కంటికి స్పష్టంగా కనబడుతుంటే దాన్ని అక్కడే వదిలేయండి. ఫోటోల్లో ఇది తెలియదు, అందుకే కొనేముందు గుడ్డను దగ్గర నుంచి తీసిన ఫోటో పంపమని అడిగి తీరాలి. పంపకపోతే వాళ్ళకీ చూపించే ధైర్యం లేదని అర్థం.

ఇక కప్పే భాగం. వీపు కప్పితే చాలదు, ఎందుకంటే నుసుములు ముఖ్యంగా వెతుక్కునేది జూలు, తోక మొదలు, పొట్ట. అందుకని మెడ భాగం రగ్గుతో కలిపి కుట్టేసి ఉండాలి, విడిగా తగిలించే రకంలో మధ్య సందు మిగిలిపోతుంది. పొట్ట కింద వెడల్పాటి పట్టీ ఉండాలి, సన్నగా తాడులాంటిది కాదు. తోక మీదికి దిగే ముక్క పొడుగ్గా ఉండాలి. చెవులు కూడా కుడతాయి కాబట్టి చెవులున్న ముఖం తొడుగు వేరుగా తీసుకోవాలి. దేన్ని వదిలేసినా అవి అక్కడికే చేరతాయి.

చారల రగ్గులు కూడా చూశా, జీబ్రాలాంటివి. చారలుంటే పురుగులు వాలవని నాకొకరు పెద్ద క్లాసు పీకారు. 2019లో బ్రిటన్‌లో గుర్రాలకు చారల గుడ్డ కప్పి చూసిన మాట నిజమే, చారల మీద తక్కువగా వాలినవి జోరీగలు. గుడ్డ లేని తల మీద మాత్రం ఎప్పటిలాగే వాలాయి. నుసుముల సంగతి అందులో లేదు, నాకు కావలసింది నుసుముల సంగతి. చారలు బాగున్నాయనిపిస్తే కొనుక్కోండి, నేత మాత్రం విడిగా చూసుకోండి.

ఇంతవరకు ఓపిక ఉంటే ఎవరైనా చేయగలరు. నన్ను ఏడిపించింది సైజు.

గుర్రానికి రగ్గు కొలవడంలో ఒక్క పద్ధతి లేదు. కొన్ని కంపెనీలు రొమ్ము నడిమధ్య నుంచి భుజం మీదుగా పక్క వెంబడి వెనక పిరుదు చివర దాకా కొలవమంటాయి, దాన్నే అడుగులు అంగుళాల్లో గానీ ఉత్త అంగుళాల్లో గానీ చెబుతాయి. యూరప్ కంపెనీలు చాలావరకు మూపు నుంచి తోక మొదలు దాకా వీపు పొడవునే సెంటీమీటర్లలో లెక్కపెడతాయి. ఒకే గుర్రానికి ఈ రెండు లెక్కలకీ దాదాపు అర మీటరు తేడా వస్తుంది. ఇది నాకు ముందే తెలుసు, రెండు కొలతలూ తీసి కాగితం మీద రాసి పెట్టుకున్నా, అవే షాపుకి పంపా. వాళ్ళు చెప్పిన సైజే తెప్పించా.

వచ్చింది. పొడవు సరిగ్గా ఉంది, రొమ్ము దగ్గర బకిల్ పెట్టబోతే రెండు వేళ్ళ దూరంలో ఆగిపోయింది. బలవంతంగా లాగి పెడితే గుడ్డ భుజాల మీద డప్పు చర్మంలా బిగుసుకుంది, గుర్రం కాలు ముందుకు వేయలేక అక్కడే నిలబడి నా వంక చూసింది. షాపుకి ఫోన్ చేస్తే ఒక సైజు పెద్దది వేయమన్నారు. అదీ వచ్చింది. రొమ్ము దగ్గర సరిపోయింది గానీ, నాలుగు అడుగులు నడిచేసరికి మొత్తం వెనక్కి జారి, తోక ముక్క మోకాళ్ళ దాకా వేలాడి, మెడ దగ్గర చెయ్యి దూరేంత ఖాళీ ఏర్పడింది. ఆ ఖాళీలోంచి దూరిన నుసుములు బయటికి పోలేక లోపలే తిరుగుతాయి. రగ్గు లేకుండా వదిలేయడం కంటే అది ఘోరం.

మళ్ళీ ఫోన్ చేశా. ఈసారి వీడియోలో కొలిచి చూపించమన్నారు. లాయంలో అందరూ ఉన్న టైమ్ అది. ఒకరు ఫోన్ పట్టుకుంటే నేను టేపు పట్టుకున్నా, గుర్రం తోక విదిలించుకుంటూ అటూ ఇటూ కదులుతోంది, స్పీకర్ ఆన్‌లో ఉంది. అవతలి పెద్దమనిషి కాసేపు చూసి, "మేడమ్, కొలవడం రాకపోతే ఎవరైనా తెలిసినవాళ్ళ చేత కొలిపించండి" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపే, "మీ గుర్రం లావుగా ఉంది మేడమ్, ముందు దాన్ని తగ్గించండి, రగ్గులో లోపం లేదు" అని ఇంకోటి. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఏళ్ళ తరబడి గుర్రాలతో ఉన్నదాన్ని, టేపు ఎక్కడ పెట్టాలో నాకు చెబుతాడా? పైగా పదిహేను రోజుల క్రితమే డాక్టరు గారు ఒళ్ళు తడిమి బరువు సరిగ్గా ఉందని చెప్పి వెళ్ళారు.

ఆ రాత్రి నిద్ర పట్టక, షాపుది కాదు, ఆ రగ్గు తయారుచేసే కంపెనీ సైజుల పేజీ అడుగు దాకా చదివా. ఉంది అక్కడ! అదే రగ్గు, వెడల్పు రొమ్ము గుర్రాల కోసం ఇంకో కటింగులో వస్తుంది. మెడ దిట్టంగా, భుజాలు వెడల్పుగా ఉండే పొట్టి జాతులకు పొడవు ఒక్కటే కొలిస్తే చాలదు. భుజం వెడల్పు, మెడ మొదట్లో చుట్టుకొలత కూడా చూడాలి. అమ్మేవాడికి తాను అమ్మే రగ్గు సంగతే తెలియదు, తప్పు మాత్రం నాది, మా గుర్రానిది. ఏం మనుషులో! తెలియకపోతే కనుక్కుని చెబుతానంటే ఏం పోతుంది? కొన్నవాళ్ళని నలుగురిలో నవ్వులపాలు చేయడం వ్యాపారం ఎలా అవుతుందో నాకైతే అర్థం కాదు.

వాపసు కథ ఇంకా ముచ్చటైనది. వేసి చూసేటప్పుడు గుర్రానికి శుభ్రమైన దుప్పటి కప్పి దాని మీద వేయాలని, ట్యాగులు తెంపకూడదని షాపు రూలు. ఉతికిన బెడ్‌షీట్ కప్పి మెడ దాకా చుట్టి మరీ వేశా. రెండూ ఎలా వచ్చాయో అలాగే మడతపెట్టి పంపా. తర్వాత ఒక ఫోటో వచ్చింది, పెద్ద రగ్గు లోపలి పక్క ఒక వెంట్రుక, దాని చుట్టూ ఎర్ర గీత. "వాడిన వస్తువు, వెనక్కి తీసుకోలేము." ఫోటోని పెద్దది చేసి చూశా. వెంట్రుక తెల్లగా ఉంది. మా గుర్రం ఒళ్ళంతా కారునలుపు, నుదుటి మీద చుక్కంత మచ్చ కూడా లేదు. అంటే నాకంటే ముందు ఎవరో వేసి చూసి తిప్పి పంపినదాన్నే కొత్తదని నాకు అంటగట్టారన్నమాట. గుర్రాన్ని నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసి, ఒక్క మాట కూడా రాయకుండా పంపించా. డబ్బులు వెనక్కి వచ్చాయి. సారీ మాత్రం రాలేదు.

మీరు మాత్రం పెట్టె విప్పేటప్పుడే వీడియో తీసుకోండి, మడత విప్పగానే లోపలి పక్క కూడా.

వెడల్పు కటింగు రగ్గుని వేరే చోట కొన్నా. వేసిన వెంటనే సంబరపడిపోకుండా తల కిందికి వంచి మేయనిచ్చా, అప్పుడు మూపు మీద గుంజుతోందా అని చూడాలి. నడిపించి, భుజం దగ్గర చెయ్యి పెట్టి గుడ్డ కాలుతో పాటు కదులుతోందో లేదో చూడాలి. అక్కడ అదనపు ముక్క కుట్టి ఉంటే మేలు. పొట్ట పట్టీకీ ఒంటికీ మధ్య అరచెయ్యి దూరేంత జాగా చాలు, మరీ వదులైతే పడుకుని లేచేటప్పుడు గిట్ట ఇరుక్కుంటుంది. భుజాలకీ జూలుకీ తగిలే చోట నున్నటి సాటిన్ లైనింగ్ ఉన్నది తీసుకోండి, అసలే విరిగిన వెంట్రుకల మీద గరుకు గుడ్డ పడితే మొదటికే మోసం. మొదటి వారం రోజూ రగ్గు తీసి కింద చర్మం చూశా, ఎండ ముదిరాక చెయ్యి లోపల పెట్టి చెమట పట్టిందేమో చూశా. లేత రంగు గుడ్డ కాస్త నయం.

పురుగుమందు పట్టించిన రగ్గులు కూడా ఉన్నాయి, ఆ మందు పేరు పర్‌మెత్రిన్. ఉతికే కొద్దీ పవర్ తగ్గుతుంది, పైగా అది పిల్లులకు విషం. మా లాయంలో పిల్లి ఎప్పుడూ రగ్గుల మీదే పడుకుంటుంది, అందుకని నేను వాటి జోలికి పోలేదు.

రగ్గు ఒక్కటే అన్నీ చేసేయదు. నుసుములకు ఎగిరే బలం తక్కువ, కాస్త గట్టిగాలి వీస్తే నిలవలేవు, కాబట్టి లాయంలో పెద్ద ఫ్యాన్ పెట్టించా. తెల్లవారుజామున, మునిమాపు వేళ వాటి జోరు ఎక్కువ, ఆ రెండు పూటలా గుర్రాన్ని లోపలే ఉంచితే మంచిది. బురద, కుళ్ళిన ఆకులు, పాత పేడ కుప్పల్లో అవి పుడతాయి, నీళ్ళ తొట్టి చుట్టూ ఉన్న బురద పూడ్పించాను. చలిదేశాల్లో అయితే వసంతం మొదట్లోనే, దురద మొదలవకముందే రగ్గు వేసేయాలి. ఒకసారి రుద్దుకోవడం అలవాటైతే గుర్రం రగ్గుని కూడా గుంజకేసి చింపేస్తుంది.

ఇప్పుడు ఇంకొకటి కొనాలి, ఒకటి ఉతికి ఆరేసినప్పుడు గుర్రాన్ని ఊరికే వదల్లేం కదా. అదే మోడల్, అదే కటింగు, కళ్ళు మూసుకుని తెప్పిస్తా. ఆ పాత షాపు వాళ్ళు కొత్త సరుకు వచ్చిందని ఇప్పటికీ మెయిల్స్ పంపుతున్నారు. వాళ్ళ సైజుల చార్టులో వెడల్పు కటింగు మాట ఇంకా లేదు, నిన్ననే చూశా.