గ్లోబు పడిన రోజు

పదకొండున్నర దాటింది, ఇంట్లో అందరూ పడుకున్నారు, నాకేమో ఆ చప్పుడు చెవుల్లోంచి పోవట్లేదు. గ్లోబు పడిన చప్పుడు కాదు, దాని తర్వాతది.

ఇవాళ సెలవు కదా, మా ఇంట్లో పనిచేసే ఆమె కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది. ఏడేళ్ళుంటాయేమో. మావాడి టేబుల్ మీద గ్లోబుని ఒక్క వేలితో, చాలా మెల్లగా తిప్పుకుంటూ కూర్చుంది. మావాడైతే కొన్నరోజు తప్ప దాన్ని మళ్ళీ చూసిన పాపాన పోలేదు. ఎలా జారిందో ఏమో, స్టాండులోంచి ఊడి దొర్లుకుంటూ తలుపు దాకా పోయింది. నేను "పర్లేదులే" అనేలోపే వాళ్ళమ్మ పరిగెత్తుకొచ్చి వీపు మీద ఫెడీమని ఒకటిచ్చింది. పిల్ల ఏడవలేదు. కొట్టిన అమ్మ వైపు కూడా చూడలేదు. నావైపు చూసింది.

అంతే, రోజంతా మూడ్ పోయింది. ముందు ఆమె మీదే కోపం వచ్చింది, ఏంటీ మొరటుతనం, పిల్లకి నోటితో చెప్పొచ్చు కదా అని. పోయినవారం మావాడు టీవీ రిమోట్ గోడకేసి కొడితే మేమిద్దరం చెరోపక్క కూర్చుని "నీకెందుకు కోపమొచ్చింది నాన్నా" అని అరగంట మాట్లాడాం. చివర్లో వాడే మాకు క్లాసు పీకాడు, మీరు ముందే చెప్పుంటే నేను విసిరేవాణ్ణి కాదు అని! స్నానానికి బేరం, హోంవర్కుకి బేరం, లైటు ఆర్పడానికి ఇంకో బేరం. ఆయన దీన్ని "కాన్ఫిడెన్స్" అంటారు. సాయంత్రం ఏడింటికి వంట మధ్యలో ఆ కాన్ఫిడెన్స్‌తో నేను వాదించాలి, ఆయన కాదు.

సరిగ్గా ఇవాళే పేరెంట్స్ గ్రూపులో ఒకావిడ మళ్ళీ ఆ మార్ష్‌మాలో వీడియో పెట్టింది. పిల్లల ముందు ఆ మెత్తటి మిఠాయి పెట్టి, అది తినకుండా కాసేపు ఆగితే రెండోది ఇస్తామంటారు, ఆగిన పిల్లలే పెద్దయ్యాక పైకొస్తారని. కింద "అంతా పెంపకంలోనే ఉంది" అని దండం పెట్టిన బొమ్మలు. ఒళ్ళు మండింది. అసలు ఆ ప్రయోగం జరిగింది స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఆవరణలోని నర్సరీలో, అక్కడ చదివే పిల్లల్లో చాలామంది క్యాంపస్ వాళ్ళ పిల్లలే. 2018లో ఇంకొందరు 900 మందికి పైగా పిల్లల లెక్కలు తీసి, ఇంటి పరిస్థితులూ అవీ కలిపి చూస్తే, ఆగడానికీ పైకి రావడానికీ ఉన్న ఆ సంబంధం చాలావరకు మాయమైపోయింది. అయినా ఇంట్లో ఇవాళ ఉన్నది రేపు ఉంటుందో లేదో తెలీని పిల్ల చేతిలోది తినేస్తే అది తెలివి కాదా? ఇదంతా టైప్ చేసి డిలీట్ చేశా. పిరికిదాన్ని.

ఇంతకీ నాకు గుర్తొచ్చింది మా నాన్న. ఒక ఓనరు గారి కారు నడిపేవాడు. ఒకసారి జీతం కోసం వెళ్తూ నన్నూ తీసుకెళ్ళాడు. గేటు దగ్గర ఆగి, అరచెయ్యి తడిచేసుకుని నా జుట్టు అణిచి, "ఏదీ ముట్టుకోకు, అడిగితేనే మాట్లాడు" అన్నాడు. లోపల బల్ల మీద ఒక గాజు పేపర్‌వెయిట్, మధ్యలో నీలం రంగు పొగలా గడ్డకట్టి. వేలు పెట్టాను, అంతే. నాన్న ఓనరు గారితో నవ్వుతూనే, చూపు కూడా తిప్పకుండా, వెనకనుంచి నా జబ్బ మెలిపెట్టాడు. ఆ ఇంటమ్మాయి మాత్రం సోఫా మీద కాళ్ళు పెట్టుకుని "ఎందుకు వెళ్ళకూడదు, కారణం చెప్పు" అని వాళ్ళ నాన్నతో పోట్లాడుతోంది. ఆయన నిజంగానే కారణం చెప్తున్నాడు. నాకు జబ్బ నొప్పి కంటే అదే వింత. తిరిగొచ్చేటప్పుడు సైకిల్ మీద నాన్న ఒక్క మాట మాట్లాడలేదు. ఎన్నేళ్ళు కోపం పెట్టుకున్నానో దానికి.

డిగ్రీలో సోషియాలజీ పేపర్ కోసం బట్టీపట్టాను, మెల్విన్ కోన్ అని ఒకాయన 1969లో రాశాడు, పైవాడు చెప్పినట్టు చేసే ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు పిల్లలకి చెప్పినమాట వినడం నేర్పుతారు, సొంతంగా నిర్ణయాలు తీసుకునే ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు సొంతంగా ఆలోచించడం నేర్పుతారు అని. పది మార్కులు వచ్చాయి, బుర్రకి ఎక్కలేదు. ఇవాళ ఎక్కింది. ఆ దెబ్బ పిల్లకి కాదు, నాకు చూపించడానికి. నేను తిట్టకముందే, జీతంలో కోస్తాననకముందే, ఆమే చెల్లు వేసేసింది. పిల్లకి అది తెలుసు, అందుకే నావైపు చూసింది. మా ఇంట్లో రిమోట్ పగిలితే ఇంకోటి వస్తుంది, అందుకని మాకు అరగంట ఓపిక.

అలాగని దెబ్బని వెనకేసుకురాలేను. వీపు మీద పడేది వీపు మీదే పడుతుంది కదా. నా జబ్బ కూడా రెండ్రోజులు కమిలే ఉంది.

ఒక్కటి మాత్రం బావుంది, వెళ్ళేముందు ఆ పిల్ల గ్లోబు ఒళ్ళో పెట్టుకుని మావాడికి సముద్రాలన్నీ చూపించింది, వాడు ఒక్క "ఎందుకు" కూడా అనకుండా విన్నాడు.

స్టాండు పిన్ను ఇంకా మంచం కిందే ఉంది. పొద్దున ఊడ్చేటప్పుడు ఆమెకి దొరుకుతుంది. ఈలోపే లేచి తీసేయాలి.