జీబీఎస్: ఆక్సీమీటర్‌ని కాదు, మెడని చూడండి

గులియన్ బారే సిండ్రోమ్, వార్డులో అందరం జీబీఎస్ అనే ఈ నరాల జబ్బు చాలా మామూలు మాటలతో మొదలవుతుంది. అరికాళ్లలో తిమ్మిర్లు, నడుం నొప్పి, మెట్లెక్కుతుంటే కాళ్లలో పట్టు లేకపోవడం. నొప్పి ఒక్కోసారి బలహీనత కంటే ముందే వస్తుంది. అందుకే డిస్క్ అరిగిందని నొప్పి మాత్రలిచ్చి పంపేయడం తరచూ జరుగుతుంది. నేను ముందు అడిగేవి రెండే: నిన్నటికీ ఇవాళ్టికీ బలం తగ్గిందా? గత నెలన్నరలో విరేచనాలో, జలుబూ జ్వరమో వచ్చి తగ్గాయా? ఆ ఇన్ఫెక్షన్ మీదికి తయారైన యాంటీబాడీలే నరాల మీద పడతాయి కాబట్టి ఈ రెండో ప్రశ్న వదలను.

తర్వాత సుత్తితో మోకాలి దగ్గర, మడమ వెనక తట్టి చూడాలి. రెండు కాళ్లూ ఇంచుమించు సమానంగా నీరసించి, రిఫ్లెక్సులు, అంటే సుత్తి తగలగానే కాలు దానంతటదే ఎగరడం, పోతే అనుమానం గట్టిపడుతుంది. మొదట్లో అవి మిగిలి ఉండొచ్చు, మర్నాడు మళ్లీ చూడాలి. మూత్రం మొదట్లోనే ఆగిపోయినా, పొట్ట మీద ఫలానా చోటు నుంచి కిందికి స్పర్శ తెలియకపోయినా, జబ్బు వెన్నుపాములో ఉండొచ్చు, వెంటనే దానికి ఎమ్మారై తీయించాలి. పొటాషియం తగ్గినా కాళ్లు ఇలాగే నీరసిస్తాయి కాబట్టి రక్తంలో అది కూడా ఆ పూటే చూడాలి.

వెన్నుపాము చుట్టూ ఉండే నీటిలో కణాలు పెరగకుండా ప్రొటీన్ మాత్రమే పెరగడం 1916లో గులియన్, బారే, స్ట్రోల్ రాసిన లక్షణం. కానీ మొదటి వారంలో ప్రొటీన్ మామూలుగానే ఉండొచ్చు. నరాల్లో కరెంటు ఎలా పారుతోందో చూసే నర్వ్ కండక్షన్ పరీక్ష కూడా అంతే. రిపోర్టు బాగుందని, కళ్లెదుట బలం తగ్గిపోతున్న మనిషికి మందు ఆపకూడదు.

అసలు ప్రమాదం ఊపిరి దగ్గర. పాతిక శాతం మందికి వెంటిలేటర్ అవసరపడుతుంది. ఆక్సీమీటర్ 98 చూపిస్తోందని ధీమాగా ఉండటం నాకు అన్నిటికంటే భయం కలిగించే విషయం. ఊపిరి కండరాలు చేతులెత్తేసే దాకా ఆ అంకె తగ్గదు. మంచం పక్కన చేయగలిగిన పరీక్షలు రెండున్నాయి. వెల్లకిలా పడుకున్నప్పుడు తల దిండు మీంచి ఎత్తగలరా? మెడ నీరసిస్తే ఊపిరి కండరాలూ నీరసిస్తున్నాయని అనుమానించాలి. గట్టిగా ఊపిరి పీల్చి, ఆ ఒక్క ఊపిరితోనే ఎంతవరకు లెక్కపెట్టగలరు? ఉదయం 30 దాకా వచ్చినవారు సాయంత్రానికి 15 దగ్గర ఆగితే ఐసీయూకి మార్చాలి. ఊదించి కొలిచే స్పైరోమీటర్‌తో వైటల్ కెపాసిటీ, అంటే నిండా పీల్చి వదలగలిగే గాలి, కిలోకి 20 మిల్లీలీటర్ల కంటే, అంటే 60 కిలోల మనిషికి 1200 కంటే తగ్గితే వెంటిలేటర్ కోసం గొంతులో ట్యూబు వేసే ఏర్పాట్లు చేసుకోవాలి. ముఖం నీరసించినవారికి పెదవులు స్పైరోమీటర్ గొట్టం చుట్టూ బిగుసుకోవు, గాలి పక్కలనుంచి పోయి అంకె తప్పుడుగా తగ్గుతుంది. వాళ్లకి మాస్కు పెట్టి కొలవాలి. ట్యూబు వేసేటప్పుడు కండరాలు సడలించే సక్సినైల్‌కోలిన్ అనే మందు వాడకూడదు, పొటాషియం ఒక్కసారిగా పెరిగి గుండె ఆగే ప్రమాదం ఉంది. గొంతులో కఫం మిషన్‌తో లాగేస్తున్నప్పుడు కూడా కొందరికి గుండె వేగం పడిపోతుంది, మానిటర్ మీద కన్నుండాలి.

మందు ఐవీఐజీ, అంటే దాతల రక్తం నుంచి తీసి నరంలోకి ఎక్కించే యాంటీబాడీలు: కిలోకి రోజుకు 0.4 గ్రాములు, 5 రోజులు. 60 కిలోలకి రోజుకు 24 గ్రాములు. బలహీనత మొదలైన 2 వారాల్లోపు ఇస్తే మేలు. రక్తంలోని ద్రవభాగాన్ని తీసి వేరేది ఎక్కించే ప్లాస్మా మార్పిడి కూడా అంతే పనిచేస్తుంది. ఐవీఐజీ అయ్యాక ప్లాస్మా మార్పిడి చేస్తే ఎక్కించిన మందునే తీసి పారబోసినట్టవుతుంది. స్టెరాయిడ్లు ఈ జబ్బులో పనిచేయవు. మందు మొదలెట్టాక కూడా కొన్ని రోజులు బలం తగ్గుతూనే ఉండొచ్చు. ఈ మాట ఇంట్లోవాళ్లకి ముందే చెప్పాలి, లేకపోతే మందు పనిచేయలేదని కంగారుపడతారు. దాదాపు అందరిలోనూ 4 వారాల్లోపు దిగజారడం ఆగుతుంది.

కోలుకోవడం ఎలా ఉంటుందో వయసు, ముందు విరేచనాలు వచ్చాయా లేదా, చేరేటప్పటికి కండరాల్లో ఎంత బలముంది అన్నవి చాలావరకు చెబుతాయి. నరం మీది మైలిన్ పొర మాత్రమే దెబ్బతింటే వారాల్లో, నెలల్లో తిరిగొస్తుంది. లోపలి తీగ తెగితే రోజుకి సుమారు ఒక మిల్లీమీటరే పెరుగుతుంది, కాబట్టి పాదానికి బలం చివరగా వస్తుంది. ఆరు నెలలకి పదిమందిలో ఎనిమిది మంది ఊతం లేకుండా నడుస్తారు, అలసట మాత్రం చాలాకాలం వదలదు.

అందుకే మంచంలో ఉన్న రోజుల నుంచే పాదాన్ని స్ప్లింటుతో, అంటే కదలకుండా పట్టి ఉంచే బద్దతో, నిటారుగా నిలపాలి, లేదంటే మడమ వెనక పట్టేసి, బలం వచ్చినా పాదం నేలకి ఆనదు. కాలు పక్కకి వాలిపోయి మోకాలి బయటివైపు ఎముక మంచానికి ఒత్తుకుంటే అక్కడి నరం కొత్తగా దెబ్బతింటుంది, దిండు అడ్డుపెట్టాలి. ఫిజియోథెరపీలో నా కొలత ఒకటే: ఇవాళ్టి వ్యాయామం తర్వాత రేపు బలం తగ్గితే మోతాదు ఎక్కువైందని అర్థం.

మెరుగయ్యాక మళ్లీ నీరసిస్తే, అది 8 వారాల్లోపైతే చాలాసార్లు ఐవీఐజీ మళ్లీ ఇస్తారు. 8 వారాలు దాటాక కూడా దిగజారుతున్నా, మూడోసారి తిరగబెట్టినా అది సీఐడీపీ అనే దీర్ఘకాలిక జబ్బు కావచ్చు. దాని చికిత్స వేరు, అందులో స్టెరాయిడ్లు పనిచేస్తాయి.