ఒక్కసారి వచ్చి ఆగిపోయిన పీఎంఐ: నా అనుభవం

నేను రాస్తున్న చిన్న 64 బిట్ కెర్నల్‌కు (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం) ప్రొఫైలర్, అంటే ఏ కోడ్ ఎంత సమయం తింటదో చూపే సాధనం, కావాల్సి వచ్చింది. ప్రాసెసర్ పర్ఫార్మెన్స్ కౌంటర్ నిండినప్పుడల్లా ఇంటరప్ట్ (నడిచే పనిని ఆపి హ్యాండ్లర్ అనే కోడ్‌ను పిలిచే సంకేతం) రావాలె, దీన్నే పీఎంఐ, పర్ఫార్మెన్స్ మానిటరింగ్ ఇంటరప్ట్ అంటరు, అప్పుడు ఏ ఇన్‌స్ట్రక్షన్ నడుస్తున్నదో రాసుకోవాలె. నల్లగొండల ఉన్న పాత ఇంటెల్ డెస్క్‌టాప్ మీదనే చేసిన. సీరియల్ పోర్టుకు నల్ మోడెమ్ కేబుల్ ఇక్కడ దొరకలే, హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ నుంచి తెప్పించిన. మెషిన్ బిగుసుకుపోతే ఆఖరి మాట ఆ కేబుల్ మీదనే వస్తది కాబట్టి అది లేకుండా ఈ పనికి దిగొద్దు.

ముందు క్యూఎము (సాఫ్ట్‌వేర్‌ల నడిచే నకిలీ మెషిన్) మీద చూసిన. మామూలు ఎమ్యులేషన్‌ల సీపీయూఐడీ (ప్రాసెసర్‌ల ఏమేమున్నయో చెప్పే ఇన్‌స్ట్రక్షన్) లీఫ్ 10 సున్నాలే ఇచ్చింది, అంటే అక్కడ కౌంటర్లే లేవు. కేవీఎం (అసలు ప్రాసెసర్ మీదనే నడిపే లినక్స్ సదుపాయం) పెట్టి హోస్ట్ సీపీయూను చూపిస్తేనే కనబడినయి.

ఇంటరప్ట్ సంగతి పక్కకు పెట్టి, కౌంటర్ కదులుతున్నదా అని ముందు చూసుకోవాలె. ఎమ్మెస్సార్ (ప్రాసెసర్ లోపలి సెట్టింగ్ రిజిస్టర్) హెక్స్ 186ల హెక్స్ 43003సి రాసిన: సైకిల్స్ ఈవెంట్, యూజర్, కెర్నల్, ఎనేబుల్ బిట్లు. కదలలే. హెక్స్ 38ఎఫ్‌ల గ్లోబల్ కంట్రోల్ 0వ బిట్ పెట్టడం మరిచిన, అది పెట్టంగనే కదిలింది. తర్వాత ఇంటరప్ట్ బిట్ 20 కలిపి 53003సి చేసిన. ఇక్కడ ఇంకో సంగతి: ఇది ఆగని సైకిళ్లనే లెక్కపెడతది. కెర్నల్ హెచ్‌ఎల్‌టీల (సీపీయూను ఆపే ఇన్‌స్ట్రక్షన్) పండుకుంటే కౌంటర్ కూడా పండుకుంటది. పరీక్షకు ఊరికే తిరిగే లూప్ పెట్టాలె.

కౌంటర్ పైకి లెక్కపెట్టి నిండినప్పుడే ఇంటరప్ట్ ఇస్తది, అందుకే మైనస్ అంకెతో మొదలుపెట్టాలె. సెకనుకు ఒకటి చాలని 3 గిగాహెర్ట్జ్‌కు సరిపడ మైనస్ 300 కోట్లు కౌంటర్‌ల నింపిన. ఇంటరప్ట్ రానే రాలే. కౌంటర్ ఉండే హెక్స్ సి1ల రాస్తే కింది 32 బిట్లే లోపలికి పోతయి, 31వ బిట్‌ను బట్టి పై బిట్లు నిండుతయి. 300 కోట్లకు ఆ బిట్ సున్నా అయితది, కౌంటర్ చిన్న అంకె నుంచి మొదలవుతది. 48 బిట్లు నిండాలంటే దాదాపు 26 గంటలు. ప్రాసెసర్ సదుపాయాలు చెప్పే హెక్స్ 345ల 13వ బిట్ ఉంటే హెక్స్ 4సి1ల రాయొచ్చు, అక్కడ మొత్తం వెడల్పు పడతది. లేకుంటే పీరియడ్ 214 కోట్లు దాటొద్దు. నేను 10 లక్షలకు దించిన.

ఇప్పుడు ఇంటరప్ట్ వచ్చింది, ఒక్కటే. ఈఓఐ (ఇంటరప్ట్ పని అయిపోయిందని చెప్పే రాత) మరిచిననా అని చాలాసేపు అక్కడనే వెతికిన, అది సరిగ్గనే ఉన్నది. హెక్స్ 38ఈల స్టేటస్ చదివితే 0వ బిట్ మళ్లీ 1 అయింది, అంటే కౌంటర్ రెండోసారి కూడా నిండింది. అడ్డం ఏపిక్ (ఇంటరప్ట్‌లను సీపీయూకు చేర్చే భాగం) దగ్గర ఉన్నదన్నమాట. దాంట్ల పీఎంఐ ఎంట్రీ ఉండే హెక్స్ 340 ఆఫ్‌సెట్ చదివిన: నేను పెట్టింది ఇంటరప్ట్ నంబర్ ఎఫ్1, ఉన్నది 100ఎఫ్1. పీఎంఐ ఇచ్చిన వెంటనే ఏపిక్ 16వ బిట్ తనే పెట్టుకొని ఆ దారి మూసేస్తది. తెరిచే పని హ్యాండ్లర్‌దే. టైమర్ ఎంట్రీకి ఈ గుణం లేదు, అందుకే టైమర్ కోడ్ చూసి రాసినోళ్లందరూ ఇక్కడ పడతరు.

హ్యాండ్లర్‌ల నేను ఖాయం చేసుకున్న వరుస ఇది: గ్లోబల్ కంట్రోల్ సున్నా చెయ్యాలె, స్టేటస్ చదవాలె, కౌంటర్ మళ్లీ నింపాలె, హెక్స్ 390ల అదే బిట్‌కు 1 రాసి ఓవర్‌ఫ్లో తుడవాలె, 340ల ఎఫ్1 మళ్లీ రాయాలె, గ్లోబల్ కంట్రోల్ తెరవాలె, ఈఓఐ ఇయ్యాలె. తుడవకుంటే తర్వాత ఏ కౌంటర్ నిండిందో తెలువదు.

అంకెలు వచ్చినయి గాని ఇంటరప్ట్‌లు మూసి నడిచే కోడ్ వాటిల లేదు. ఆ శాంపిళ్లన్నీ ఎస్‌టీఐ (ఇంటరప్ట్‌లు తెరిచే ఇన్‌స్ట్రక్షన్) వెంటనే ఉన్న కోడ్ మీద కుప్ప పడ్డయి. అందుకే 340ల హెక్స్ 400 రాసి ఎన్‌ఎంఐకి (మూసినా ఆగని ఇంటరప్ట్) మార్చి, ఈఓఐ తీసేసిన. నిమిషంలోపే మెషిన్ బిగుసుకుపోయింది: సీరియల్ లాక్ (పోర్టును ఒకరే వాడేటట్టు చూసే తాళం) పట్టుకున్న కోడ్ మీదనే ఎన్‌ఎంఐ వచ్చింది, హ్యాండ్లర్ అదే లాక్ కోసం ఆగింది. ఇప్పుడు హ్యాండ్లర్ లాక్ ముట్టదు, ఒక్కో సీపీయూకు ఉన్న ఒక్కో బఫర్‌ల అడ్రస్ రాసి తప్పుకుంటది. ఆ బఫర్ పేజీలు ముందే మ్యాప్ అయి ఉండాలె. లోపల పేజ్ ఫాల్ట్ వస్తే దాని ఐరెట్‌తోనే (ఇంటరప్ట్ నుంచి తిరిగొచ్చే ఇన్‌స్ట్రక్షన్) ఎన్‌ఎంఐలు తెరుచుకుంటయి, రెండోది మొదటి దాని స్టాక్ మీద పడతది.